దస్త్రం కదిలినా దారి చెడకూడదు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘానికి ఒక చిన్న వెబ్‌సైటు ఉన్న సంగతి మీకందరికీ తెలుసు. దానిని విస్తరించి, మన పత్రిక పాత సంచికలు, పింఛను దరఖాస్తు నమూనాలు, మనల్ని విడిచివెళ్ళిన సభ్యుల ఛాయాచిత్రాలు అన్నీ అందులో పదిలపరచాలని కార్యవర్గం తీర్మానించింది. ఆ పనికి నలుగురైదుగురు సభ్యులు ముందుకు వచ్చారు. సైటులో ఫైళ్ళను ఎలా అమర్చుకోవాలి, ఒక పుటలో నుంచి బొమ్మకూ పత్రానికీ దారి ఎలా రాయాలి అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను కోరారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గనుక, భోజనాల వేళకు ముందే ముగిస్తానని ముందుగానే మనవి చేసుకుంటున్నాను.

నేను చెప్పదలచుకున్నది నిజానికి ఒక్కటే మాట. వెబ్‌సైటు కూడా ఒక దస్త్రమే. దస్త్రం ఏ ఊరికి తరలినా, ఏ బీరువాలోకి మారినా, దాని లోపలి దారులు చెడకూడదు. తక్కినదంతా ఈ మాటకు వ్యాఖ్యానమే.

ముందుగా స్టాటిక్ వెబ్‌సైటు అంటే ఏమిటో చూద్దాం. బ్యాంకు సైటులో మన ఖాతా నంబరు కొడితే అప్పటికప్పుడు లెక్క తీసి పుట తయారుచేసి చూపిస్తారు. మన సైటు అటువంటిది కాదు. ముందే అచ్చువేసి పెట్టిన కరపత్రాల వంటిది. ఒక ఫోల్డరు, అందులో కొన్ని పుటలు, కొన్ని బొమ్మలు, కొన్ని పత్రాలు, అంతే. ఎవరు ఏది అడిగితే సర్వరు దానిని ఉన్నది ఉన్నట్లు తీసి ఇస్తుంది. మన పాతకాలపు రికార్డు కీపరు చేసిన పనే అది. అడిగిన నంబరు దస్త్రం ఉంటే ఇచ్చాడు, లేకపోతే లేదన్నాడు. ఖర్చు తక్కువ, చెడిపోయే భాగాలు తక్కువ. మనవంటి సంఘాలకు ఇదే తగిన పద్ధతి.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి గ్రహించాలి. తెర మీద మనకు ఒకే పుటగా కనిపించేది నిజానికి ఒక ఫైలు కాదు. హెచ్.టి.ఎం.ఎల్. పుటలో బొమ్మ ఉండదు, బొమ్మ ఎక్కడ ఉందో చెప్పే చిరునామా మాత్రమే ఉంటుంది. అక్షరాల సైజు, రంగు చెప్పే సి.ఎస్.ఎస్. ఫైలు వేరే, స్క్రిప్టు వేరే. బ్రౌజరు ముందు పుటను తెచ్చుకుంటుంది, దానిని చదువుతూ అందులోని ఒక్కొక్క చిరునామాకూ వేరువేరుగా మనిషిని పంపినట్లు కబురు పంపుతుంది. చిరునామా సరిగా ఉంటే బొమ్మ వస్తుంది. తప్పితే సర్వరు 404 అనే నంబరుతో జవాబిస్తుంది. అడిగిన వస్తువు ఇక్కడ దొరకలేదు అని దాని అర్థం. వస్తువే లేదని అర్థం కాదు. మీరు చెప్పిన చోట లేదని మాత్రమే.

ఈ తేడా ఎంతటిదో గత సంవత్సరం మనకు అనుభవానికి వచ్చింది. మన సైటును ఒక హోస్టింగు సంస్థ నుంచి ఇంకొక సంస్థకు మార్చవలసి వచ్చింది. ఫోల్డరు మొత్తం, ఒక్క ఫైలు తగ్గకుండా, కొత్తచోటికి చేరింది. కొన్నాళ్ళకు పాతచోటు మూతపడింది. ఆ మరునాటి నుంచి శ్రద్ధాంజలి పుటలో సగానికి పైగా ఛాయాచిత్రాలు కనిపించడం మానేశాయి. వాటి చోట చిరిగిన కాగితంలాంటి చిన్న గుర్తు మిగిలింది. మన కీర్తిశేషులైన సభ్యులొకరి సతీమణి ఫోను చేసి, "అన్నయ్యగారూ, సైటులో మావారి ఫోటో తీసేశారేమండీ? చందా ఏమైనా బాకీ ఉండిపోయిందా? ఉంటే చెప్పండి, కట్టేస్తాను" అన్నారు. ఆ మాట విన్నాక ఇది కంప్యూటరు తెలిసినవాళ్ళు చూసుకునే చిన్న విషయమని ఎవరూ అనలేరు.

కార్యదర్శిగారు ఆ ఫోల్డరు నాకిచ్చి చూడమన్నారు. ఆ తల్లి భర్త ఛాయాచిత్రం ఫోల్డరులో భద్రంగానే ఉంది. చెడినది దారి మాత్రమే. పుటలన్నీ వరుసగా పరిశీలిస్తే మూడు రకాల లోపాలు కనిపించాయి. కొన్ని బొమ్మలకు పాత హోస్టింగు పేరుతో సహా పూర్తి చిరునామా రాసి ఉంది. కొన్నిటికి తయారుచేసిన వారి కంప్యూటరులోని సి డ్రైవు చిరునామా ఉంది. మరికొన్నిటిలో దారి సరిగానే ఉన్నా, పేరులో ఒక అక్షరం పెద్దబడి, చిన్నబడి తేడా ఉంది. మూడూ తయారుచేసిన వారి బల్ల మీద చక్కగా పనిచేసినవే. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అన్నట్లు, సర్వరు మీదికి వెళ్ళాకనే వాటి సంగతి బయటపడింది.

మిత్రులారా, ఈ సమస్య మనకు కొత్తది కాదు. మనమంతా టాటెన్‌హామ్ పద్ధతిలో దస్త్రాలు నడిపినవాళ్ళమే. నోట్ ఫైలు ఒకటి, కరెంటు ఫైలు ఒకటి. నోటు రాసేటప్పుడు మార్జినులో "కరెంటు ఫైలు 37వ పుట చూడుడు" అని రాసేవాళ్ళం. "రెండో అంతస్తులో కిటికీ పక్క బీరువాలో మూడో అరలోని కట్ట చూడుడు" అని ఎవరైనా రాశారా? రాస్తే పై అధికారి ఊరుకునేవారా? 37వ పుట అనేది ఆ దస్త్రం లోపలి లెక్క. దస్త్రం తాలూకా నుంచి జిల్లాకు పోయినా, జిల్లా నుంచి హైదరాబాదుకు పోయినా 37వ పుట 37వ పుటే. 2016లో ఆంధ్రప్రదేశ్ సచివాలయం హైదరాబాదు నుంచి వెలగపూడికి కదిలింది. 2019లో తెలంగాణ సచివాలయం బి.ఆర్.కె. భవన్‌కు మారింది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఈ మార్పులన్నిటిలోనూ కట్టలు కట్టలుగా దస్త్రాలు కొత్త భవనాలకు చేరాయి. బీరువాలు మారాయి గాని, మార్జినులోని 37వ పుట మారలేదు.

వెబ్‌సైటులో దారి రాయడానికి నాలుగు పద్ధతులు ఉన్నాయి. అచ్చులో చదువుకోవడానికి వీలుగా ఉదాహరణలు తెలుగులో ఇస్తున్నాను. కంప్యూటరులో మాత్రం పేర్లన్నీ ఇంగ్లీషు చిన్నబడి అక్షరాలలోనే పెట్టుకోవాలి. ఎందుకో తరువాత చెబుతాను.

మొదటిది, సొంత కంప్యూటరు చిరునామా. సి డ్రైవు, ఆపైన యూజరు పేరు, ఆపైన డెస్క్‌టాప్, ఆపైన బొమ్మ పేరు. ఇది మా ఇంటి అటక మీద ఉన్న పెట్టె చిరునామా ఊరందరికీ చెప్పినట్లు. వేరేవారి కంప్యూటరులో ఆ అటకా ఉండదు, ఆ పెట్టే ఉండదు. ఈ పద్ధతి ఎన్నడూ పనికిరాదు.

రెండవది, పూర్తి చిరునామా. సైటు పేరుతో మొదలుపెట్టి చివరిదాకా రాయడం. ఇతరుల సైటులోని పుటకు దారి చూపేటప్పుడు ఇది తప్పనిసరి. మన సైటులోని బొమ్మకే ఇలా రాస్తే మాత్రం, సైటు పేరు మారిననాడు, హోస్టింగు మారిననాడు అన్నీ ఒక్కసారిగా తెగిపోతాయి. సైటు పాత హెచ్.టి.టి.పి. నుంచి భద్రమైన హెచ్.టి.టి.పి.ఎస్.కు మారినప్పుడు కూడా ఇబ్బందే. పాత పద్ధతి చిరునామాతో పిలిచిన స్క్రిప్టులను, సి.ఎస్.ఎస్. ఫైళ్ళను నేటి బ్రౌజర్లు లోపలికి రానివ్వవు.

మూడవది, ఏటవాలు గీతతో మొదలయ్యే చిరునామా. స్లాష్ అంటామే, అది. ఉదాహరణకు:

/బొమ్మలు/ముద్ర.పిఎన్‌జి

మొదట గీత ఉందంటే, సైటు సింహద్వారం దగ్గర నుంచి లెక్కపెట్టమని అర్థం. పుట ఎంత లోపలి గదిలో ఉన్నా దారి మళ్ళీ సింహద్వారం నుంచే.

నాలుగవది, ఉన్నచోటి నుంచి లెక్క. ఇంగ్లీషులో రిలేటివ్ పాత్ అంటారు. పుట ఏ ఫోల్డరులో ఉందో అక్కడి నుంచి దారి చెప్పడం ఇది. మన ఆఫీసు భాషలో 37వ పుట చూడుడు.

ఈ నాలుగవ పద్ధతిని కాస్త వివరంగా చెబుతాను. మన ఫోల్డరు పేరు సంఘం అనుకుందాం. అందులో మొదటి పుట ఉంది. దాని పక్కనే బొమ్మలు, పత్రాలు, శైలి, సంచికలు అని నాలుగు ఫోల్డర్లు ఉన్నాయి. సంచికలు లోపల 2018, 2019 అని సంవత్సరాల ఫోల్డర్లు ఉన్నాయి. మొదటి పుటలో సంఘం ముద్ర చూపించాలంటే ఇలా రాస్తే చాలు:

బొమ్మలు/ముద్ర.పిఎన్‌జి

నేనున్న గదిలోనే బొమ్మలు అనే అర ఉంది, అందులో చూడు అని అర్థం. అదే ముద్రను 2019 జనవరి సంచిక పుటలో చూపించాలంటే, ఆ పుట రెండు గదులు లోపల ఉంది గనుక ముందు రెండు గదులు బయటికి రావాలి. ఒక్కొక్క గది దాటడానికి రెండు చుక్కలు, ఒక గీత:

../../బొమ్మలు/ముద్ర.పిఎన్‌జి

మొదటి రెండు చుక్కలతో 2019 నుంచి సంచికలులోకి, తరువాతి రెండు చుక్కలతో సంచికలు నుంచి సంఘంలోకి వస్తాము. అక్కడ బొమ్మలు ఉన్నాయి. ఒకే ఒక చుక్క పెడితే ఉన్నచోటే అని అర్థం. ఈ చుక్కల లెక్క యూనిక్స్ కాలం నాటిది. వెబ్ పుట్టిన తొలినాళ్ళలోనే దీనిని స్వీకరించారు. ఇటువంటి చిరునామాలను బ్రౌజరు ఎలా విప్పాలో 1995లో ఒక ప్రమాణ పత్రం వచ్చింది. 2005 నాటి ప్రమాణంలో అదే మరింత స్పష్టంగా ఉంది. ఎవరి బ్రౌజరు అయినా, ఏ కంపెనీ ఫోను అయినా ఆ లెక్కే వేస్తుంది.

ఇందులో మూడు మెలికలు గుర్తుపెట్టుకోవాలి. బ్రౌజరు పుట చిరునామాలో చివరి గీత తరువాత ఉన్నదానిని వదిలేసి, అక్కడి నుంచి లెక్క మొదలుపెడుతుంది. కాబట్టి సంచికలు/2019/ అని చివర గీత ఉంటే లెక్క 2019 లోపలి నుంచి. గీత లేకపోతే సంచికలు నుంచి. చూడటానికి చిన్న గీతే గాని, ఒక గది తేడా వస్తుంది. ఇది మొదటి మెలిక. రెండవది, సి.ఎస్.ఎస్. ఫైలులో వెనుక బొమ్మకో, తెలుగు ఫాంటుకో దారి రాస్తే, ఆ లెక్క పుట నుంచి కాదు, ఆ సి.ఎస్.ఎస్. ఫైలు ఉన్నచోటి నుంచి. శైలి ఫోల్డరులోని ఫైలు నుంచి బొమ్మలకు పోవాలంటే ఒకసారి రెండు చుక్కలు తప్పవు. స్క్రిప్టు బొమ్మను తెప్పిస్తే మాత్రం లెక్క దానిని పిలిచిన పుట నుంచి. మూడవది, చుక్కలు అవసరానికి మించి పెట్టినా సింహద్వారం దాటి బయటికి పోలేము గనుక బ్రౌజరు ఎక్కువైన వాటిని వదిలేస్తుంది. అందువల్ల తప్పు రాసినా ఒకచోట పనిచేసినట్లు కనిపించి, సైటు వేరే ఫోల్డరులోకి మారాక బయటపడుతుంది.

గీతతో మొదలయ్యే మూడవ పద్ధతే సులువు కదా, ఈ చుక్కల బాధ ఎందుకు అని అనుభవజ్ఞులు అడుగుతారు. వారి వాదంలో న్యాయం ఉంది. పుటను ఒక ఫోల్డరు నుంచి ఇంకో ఫోల్డరుకు జరిపినా ఆ దారి చెడదు. అన్ని పుటల పైభాగం ఒకేలా ఉంటుంది గనుక ఎత్తి అతికించడం తేలిక. సైటుకు సొంత పేరు ఉండి, ఎప్పటికీ ఆ పేరు సింహద్వారంగా నిలిచేటట్లయితే అదే మేలైన పద్ధతి.

కాని మన పరిస్థితి వేరు. గిట్‌హబ్ పేజెస్ వంటి ఉచిత వసతిలో సొంత పేరు లేకుండా సైటు పెడితే, సాధారణంగా మన సైటు సింహద్వారం దగ్గర ఉండదు. వారి ఇంట్లో మనకొక గది ఇస్తారు. యూజరు పేరు, దాని తరువాత ప్రాజెక్టు పేరు, ఆ లోపల మనం. గీతతో మొదలుపెట్టి బొమ్మలు అని రాస్తే బ్రౌజరు పోయి ఇంటి సింహద్వారం దగ్గర వెతుకుతుంది. మన బొమ్మలు మన గదిలో ఉన్నాయి. జవాబు 404. ఇది ఈనాటి చిక్కు కాదు. 1990లలో జియోసిటీస్ అనే ఉచిత వసతి ఉండేది. అక్కడ పేటల పేర్లు, ఇంటి నంబర్లు ఇచ్చేవారు. సిలికాన్ వ్యాలీ పేటలో ఫలానా నంబరు అన్నట్లు. ప్రతివాడి సైటూ ఒక లోపలి గదే. 1999లో యాహూ ఆ సంస్థను కొన్నది. 2009 అక్టోబరులో అమెరికాలో దానిని మూసేసింది. ఉన్నచోటి లెక్కతో దారులు రాసుకుని, ఫోల్డరు నకలు ఇంట్లో ఉంచుకున్నవారు దానిని ఇంకో చోట అట్లాగే దింపుకోగలిగేవారు. పాత ఇంటి పేరుతో సహా దారులు రాసుకున్నవారికి ప్రతి పుటా దిద్దుకోక తప్పదు.

ఇంకొక కారణం మన సభ్యులకే సంబంధించినది. ఇంటర్నెట్ సరిగా అందని ఊళ్ళలో మనవాళ్ళు ఉన్నారు. వారికి సైటు మొత్తం పెన్‌డ్రైవులో ఇవ్వాలని మన ఆలోచన. పెన్‌డ్రైవులో పుట తెరిచినప్పుడు గీతతో మొదలయ్యే దారి ఆ డ్రైవు మొదటికి పోతుంది, మన ఫోల్డరుకు కాదు. ఉన్నచోటి లెక్క అయితే సర్వరు మీదా పనిచేస్తుంది, పెన్‌డ్రైవులోనూ పనిచేస్తుంది. కనుక మన సైటుకు నాలుగవ పద్ధతినే నియమంగా పెట్టుకోవాలని నా మనవి. జెకిల్, హ్యూగో వంటి సాధనాలతో పుటలు తయారుచేసే యువకులు సాయానికి వస్తే, వారికి కూడా ఈ మాట చెప్పాలి. సైటు ఏ ఫోల్డరులో ఉందో ఒకేచోట రాసి, దారులన్నీ దాని ప్రకారం సర్దుకునే ఏర్పాటు ఆ రెండిటిలోనూ ఉంది. దారులను ఉన్నచోటి లెక్కలోకి మార్చే సదుపాయం కూడా హ్యూగోలో ఉంది.

ప్రతి నియమానికీ మినహాయింపు ఉంటుంది. 404 జవాబుతో మనం చూపించుకునే "ఈ పుట దొరకలేదు" అనే పుట ఒకటి ఉంటుంది. అది ఎంత లోపలి తప్పు చిరునామాకైనా జవాబుగా రావచ్చు. దానికి తానెక్కడ ఉందో తెలియదు. కాబట్టి ఆ పుటలో మాత్రం సింహద్వారం లెక్కో, పూర్తి చిరునామాయో రాయాలి. వాట్సాప్‌లో మన పుట లింకు పంపితే పక్కన చిన్న బొమ్మ కనిపిస్తుందే, దానికి కూడా పూర్తి చిరునామాయే ఇవ్వాలి. సైటు పటం ఫైలులో కూడా అంతే. ఇటువంటివి వేళ్ళ మీద లెక్కపెట్టదగినవి. వాటిని విడిగా ఒక కాగితం మీద రాసి ఉంచుకుంటే, సైటు కదిలిననాడు దిద్దవలసినవి అవి మాత్రమే.

ఇక పేర్ల సంగతి. విండోస్ కంప్యూటరుకు సాధారణంగా పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడా లేదు. ఎలా పిలిచినా పలుకుతుంది. సర్వర్లు ఎక్కువగా లైనక్స్ మీద నడుస్తాయి. అక్కడ పెద్దబడి అక్షరం ఉన్న పేరు వేరు, చిన్నబడి అక్షరం ఉన్న పేరు వేరు. కెమెరాలు తరచుగా బొమ్మ పేరు చివర జె.పి.జి. అని పెద్దబడిలో పెడతాయి. మనం పుటలో చిన్నబడిలో రాస్తాము. ఇంట్లో కనిపిస్తుంది, సర్వరు మీద కనిపించదు. పైగా విండోస్ ఆ చివరి భాగాన్ని మామూలుగా దాచి ఉంచుతుంది. కాబట్టి ముందు ఆ భాగం కనిపించేలా అమర్చుకుని, పేర్లన్నీ చిన్నబడిలోకి మార్చాకనే పుటలో రాయాలి.

పేరు మధ్య ఖాళీ వదలకూడదు. చిరునామాలో ఖాళీ చెల్లదు, దానిని %20 అని మార్చి రాయాలి. ఖాళీకి బదులు అడ్డగీత పెట్టుకోవాలి. తెలుగులో ఫైలు పేర్లు పెట్టవచ్చునా అని ఒక మిత్రుడు అడిగారు. పెట్టవచ్చు, పనిచేస్తాయి. కాని చిరునామాను నకలు తీసి ఎవరికైనా పంపినప్పుడు తరచుగా ఒక్కొక్క తెలుగు సంకేతం శాతం గుర్తులతో తొమ్మిది గుర్తులుగా విడిపోతుంది. రామ అనే చిన్న మాట రకారం, దీర్ఘం, మకారం కలిసి మూడు సంకేతాలు గనుక, ఇరవై ఏడు గుర్తులవుతుంది. అచ్చులో ఇవ్వలేము, ఫోనులో చెప్పలేము. పుటలో తెలుగు ఎంతైనా రాసుకుందాం, అది మన భాష, మన హక్కు. ఫైలు పేరు మాత్రం మన పాత సి. నంబరు వంటిది. పొట్టిగా, తికమక లేకుండా ఉండాలి.

ఎడమవైపు వాలిన గీత కూడా ఒకటి ఉంది. విండోస్‌లో ఫోల్డర్ల మధ్య కనిపించేది అదే. 1983లో డాస్ రెండవ రూపంలో ఫోల్డర్లు వచ్చేనాటికి మామూలు గీతను ఆజ్ఞలలో వేరే పనికి వాడేస్తున్నారు గనుక ఈ గీతను తీసుకున్నారు. వెబ్‌లో అది చెల్లదు. బ్రౌజర్లు దయతలచి దానిని సరిదిద్దుకుంటాయి గాని, తక్కిన సాధనాలు అన్నీ అంత దయగలవి కావు. చిరునామాలలో ఎప్పుడూ కుడివైపు వాలిన గీతనే వాడాలి.

వెబ్‌ను రూపొందించిన టిమ్ బెర్నర్స్-లీ 1998లో ఒక వ్యాసం రాశారు. మంచి చిరునామా మారకూడదన్నది దాని సారాంశం. మనకు ఇది మరీ వర్తిస్తుంది. మన పత్రికలో ఒక చిరునామా అచ్చయితే, సభ్యులు దానిని డైరీలో రాసుకుంటారు. మూడేళ్ళ తరువాత కొడతారు. కాబట్టి ఫోల్డర్లకు కార్యదర్శుల పేర్లు, "కొత్తవి", "తాజా" వంటి పేర్లు వద్దు. కార్యదర్శులు మారతారు, కొత్తవి పాతవవుతాయి. సంవత్సరం, విషయం అయితే నిలుస్తాయి. తప్పనిసరిగా మార్చవలసి వస్తే, పాతచోట "ఈ పుట ఫలానా చోటికి మారినది" అని దారి మళ్ళించే చిన్న పుట వదిలి రావాలి. బదిలీ అయినవాడు పాత ఇంటికి వచ్చే ఉత్తరాల కోసం తపాలా ఆఫీసులో కొత్త చిరునామా ఇచ్చి రాడూ?

దరఖాస్తు నమూనాల విషయంలో ఇంకొక జాగ్రత్త. బ్రౌజరు ఒకసారి తెచ్చుకున్న ఫైలును దాచుకుంటుంది. ప్రభుత్వం కుటుంబ పింఛను నమూనా మార్చిందనుకోండి. కొత్త నమూనాను పాత పేరుతోనే పెడితే, కొందరికి కొన్నాళ్ళపాటు పాతదే కనిపించవచ్చు. అది నింపి ట్రెజరీకి పోతే తిప్పి పంపుతారు. అందుకని నమూనాల వివరాలున్న పుట చిరునామా మారకూడదు. ఆ పుటలో దారి చూపే ఫైలు పేరులో మాత్రం సంవత్సరం, నెల చేర్చాలి. నమూనా మారినప్పుడు ఫైలు పేరు మారుతుంది, సభ్యుడు గుర్తుపెట్టుకున్న పుట మారదు.

తనిఖీ లేని దస్త్రం దస్త్రం కాదు. సైటును పైకి పంపే ముందు ఫోల్డరును నకలు తీసి, పేరు మార్చి, ఇంకో డ్రైవులో పెట్టి తెరవండి. అసలు ఫోల్డరు ఉన్నచోట దాని పేరు కూడా తాత్కాలికంగా మార్చండి, లేకపోతే పాత దారులు రహస్యంగా పనిచేసి మనల్ని మోసగిస్తాయి. సర్వరు మీద పెట్టాక, తయారుచేయని వారి ఫోనులో తెరిపించండి. కంప్యూటరులో ఎఫ్12 మీట నొక్కి, నెట్‌వర్క్ అనేచోట చూస్తే, దొరకని ఫైళ్ళన్నీ 404తో వరుసగా కనిపిస్తాయి. బొమ్మ రాకపోతే కంగారుపడి మళ్ళీ మళ్ళీ పైకి పంపకండి. ముందు బ్రౌజరు ఏ చిరునామాకు వెళ్ళి అడిగిందో చదవండి. పుటలో మనం రాసినది, బ్రౌజరు అడిగినది, సర్వరులో ఉన్నది, ఈ మూడిటినీ పక్కపక్కన పెట్టి పోల్చితే తేడా ఎక్కడుందో అక్కడే తెలుస్తుంది. మనం ఏళ్ళతరబడి చేసిన పనే ఇది. రిజిస్టరుకూ దస్త్రానికీ తాళ్ళ పడుతున్నదా లేదా చూడటం.

చివరిగా సభ ముందు మూడు సూచనలు ఉంచుతున్నాను. ఏ ఫోల్డరులో ఏముందో, దారి రాసే నియమమేమిటో ఒక్క పుటలో రాసి, సైటుతో పాటే ఉంచాలి. మన తరువాత పగ్గాలు పట్టేవారికి అదే ఛార్జి లిస్టు. రెండవది, ఆరు నెలలకొకసారి ఫోల్డరు నకలు ఇద్దరు సభ్యుల దగ్గర ఉండాలి, వారిలో ఒకరు వేరే ఊరివారై ఉండాలి. మూడవది, ప్రతి ఛాయాచిత్రానికీ ఆల్ట్ అనే చోట ఆ మనిషి పేరు, హోదా, పదవీ విరమణ సంవత్సరం రాయాలి. చూపు సరిగా లేనివారికి కంప్యూటరు ఆ మాటలు చదివి వినిపిస్తుంది. బొమ్మ ఏ కారణం చేతనైనా రాకపోతే ఆ చోట ఆ పేరైనా కనిపిస్తుంది. ముప్పై, ముప్పై అయిదేళ్ళు ఈ ప్రభుత్వానికి చాకిరీ చేసిన మనిషి చోట చిరిగిన కాగితం గుర్తు ఒక్కటే మిగలడం మన సంఘానికి తగదు.

శ్రద్ధాంజలి పుటలోని దారులన్నీ ఇప్పటికే సరిచేయడం జరిగింది. పాత సంచికల పని మిగిలి ఉంది. ఓపిక ఉన్నవారు భోజనాల తరువాత కార్యదర్శిగారి దగ్గర పేర్లు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. కంప్యూటరు రాకపోయినా ఫరవాలేదు. పేరుకూ పేరుకూ తేడా పట్టగల కన్ను ఉంటే చాలు, అది మనందరికీ ఉంది.